నక్షత్రాలు చూసి అమ్మను చేర్చొచ్చా?

అమ్మకు నెల్లూరులో తుంటి ఆపరేషన్ అయింది. డిశ్చార్జి చేసేశారు. ఆమె ఉండేది ఉదయగిరిలో ఒంటరిగా, పిల్లలు బెంగళూరులోనో, చెన్నైలోనో. మళ్లీ లేచి నడిచేదాకా రెండు నెలలు కనిపెట్టుకుని చూసే చోటు కావాలి. ఉదయగిరి, ఆత్మకూరు వైపు చాలా ఇళ్లలో ఉన్న చిక్కే ఇది. వెంటనే అందరం చేసేది ఫోన్ తీసి గూగుల్‌లో నక్షత్రాలు చూడటం.

ఆ నక్షత్రాలు ఇచ్చేదెవరు? బిల్లు కట్టిన కొడుకో, జ్వరానికి ఓపీలో చూపించుకున్న మనిషో. వీపు మీద పుండు పడిన పెద్దావిడ రివ్యూ రాయదు. పైగా మనం నర్సింగ్ హోం అనేది పది, ఇరవై పడకల ప్రైవేటు ఆసుపత్రిని. కాన్పులకు, ఆపరేషన్లకు వెళ్లే చోటు అది.

అమెరికాలో ఆ పేరు పెద్దవాళ్లను దీర్ఘకాలం చూసుకునే కేంద్రాలది. 2008 నుంచి ప్రభుత్వమే వాటికి ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు ఇస్తోంది. తనిఖీలు, సిబ్బంది, సంరక్షణ నాణ్యత... మూడింటికీ విడివిడిగా. మొదట్లో సిబ్బంది లెక్క కేంద్రాలు చెప్పిందే. 2018 నుంచి జీతాల రికార్డుల నుంచి తీస్తున్నారు. ఎవరి గురించి వాళ్లు చెప్పుకొనే గొప్పలకు ఎంత విలువో అక్కడా తెలిసొచ్చింది మరి!

ప్రతి కేంద్రానికీ అలా సర్కారు నక్షత్రాలిచ్చే పద్ధతి మనకు లేదు. ఆసుపత్రులకైతే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉంది. అందులోనూ పూర్తి అక్రెడిటేషన్ వేరు, ఎంట్రీ లెవల్ సర్టిఫికెట్ వేరు. బోర్డు మీది అక్షరాలతో సరిపెట్టుకోకుండా ఏది వచ్చింది, ఎప్పటిదాకా చెల్లుతుందో ఎన్‌ఏబీహెచ్ వెబ్‌సైట్‌లో చూడండి. 2002 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ప్రైవేటు ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది నడపడానికి అనుమతి మాత్రమే. వైద్యసేవ బోర్డు ఉంటే ఆ పథకం కింద చికిత్స దొరుకుతుందని అర్థం. రాత్రి రెండింటికి అమ్మ పిలిస్తే ఎవరు పలుకుతారో ఇవేవీ చెప్పవు.

అందుకే తనిఖీ మీరే చేయాలి. చెప్పకుండా, సాయంత్రం భోజనాల వేళకు వెళ్లండి. లోపలికి రాగానే మూత్రం వాసన కొడుతోందా? మంచినీళ్లు చేతికి అందేచోట ఉన్నాయా? రాత్రి డ్యూటీలో ఎంతమంది, వాళ్లలో శిక్షణ పొందిన నర్సు ఉందా అని అడగండి. మేనేజర్‌ను కాదు, ఆయాను. సొంతంగా కదల్లేని వాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతున్నారా, ఆ సంగతి రాసిపెట్టే కాగితం ఉందా చూడండి. నడుం కింద, మడమల దగ్గర పుండ్లు పడేది తిప్పకపోతేనే. ‘రోజూ వాకర్‌తో నడిపిస్తారా?’ అన్నది తుంటి ఆపరేషన్ అయినవాళ్లకు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. అక్కడున్న ముసలాయన పక్కన పది నిమిషాలు కూర్చుంటే మిగతావి ఆయనే చెబుతాడు.

ఇక దూరం. ఉదయగిరి నుంచి నెల్లూరు వంద కిలోమీటర్లకు దగ్గర, ఆత్మకూరు నుంచి దాదాపు అరవై. నెల్లూరులో హంగులున్న చోటుకన్నా చెల్లెలో, మేనల్లుడో రెండు రోజులకోసారి తొంగిచూడగల మామూలు చోటే మేలని నా అభిప్రాయం. వచ్చిపోయేవాళ్లున్న మంచం దగ్గర సిబ్బంది ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తారు.

ఎక్కడ చేర్చాలో తోచకపోతే, చేర్చాక సరిగా చూడకపోతే పెద్దల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు, కాల్ ఉచితం.