భవానీపూర్ పుస్తకాల అరలో భవిష్యత్తు: బెంగాలీ ‘కల్పవిజ్ఞానం’ కథ, తెలుగు పాఠకునికి ఒక పరిచయం

కోల్‌కతా: భారతదేశంలో తొలి మెట్రో రైలు 1984 అక్టోబరు 24న ఎస్‌ప్లనేడ్ నుంచి భవానీపూర్ వరకు నడిచింది. దూరం 3.4 కిలోమీటర్లు మాత్రమే. ఆనాటి భవానీపూర్ స్టేషన్‌కు ఇప్పుడు నేతాజీ భవన్ అని పేరు. నేల కింద రైలు పరుగెత్తడం నాటి జనానికి వింతే. అయితే ఈ పేటలోని పాఠకులు నేల కిందకీ, సముద్ర గర్భానికీ, అంగారక గ్రహానికీ అప్పటికే ఎన్నోసార్లు వెళ్లి వచ్చారు. వారిని తీసుకువెళ్లిన వాహనాలు పుస్తకాలు.

దక్షిణ కోల్‌కతాలోని భవానీపూర్‌కు బెంగాలీ సైన్స్ ఫిక్షన్‌తో దగ్గరి అనుబంధం ఉంది. ఘనాదా పాత్రను సృష్టించిన ప్రేమేంద్ర మిత్ర ఈ పేటలోని సౌత్ సబర్బన్ స్కూలులో చదివారు. భవానీపూర్, కాళీఘాట్ కలిసేచోట ఉన్న హరీష్ చటర్జీ వీధిలో నివసించారు. ప్రొఫెసర్ శంకును సృష్టించిన సత్యజిత్ రాయ్ ఉత్తర కోల్‌కతాలోని గడ్‌పార్ ఇంటిని చిన్ననాడే విడిచి, తల్లితో పాటు భవానీపూర్‌లోని మేనమామ ఇంటికి చేరారు. ఆయన బాల్యం చాలావరకు బకుల్ బాగాన్ వీధిలో గడిచింది.

శరత్‌నూ, రవీంద్రుణ్ణీ సొంత రచయితలుగా చదువుకున్న తెలుగువారికి బెంగాలీ సాహిత్యంలోని ఈ పార్శ్వం అంతగా పరిచయం లేదు. ఇది ఎలా పుట్టింది, ఎలా నిలిచింది, కొత్త పాఠకుడు ఎక్కడ మొదలుపెట్టవచ్చు అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

తలనూనెతో ఆగిన తుఫాను

బెంగాలీలో తొలి సైన్స్ కథల్లో ఒకదాన్ని రాసినది వృత్తి రచయిత కాదు, భౌతిక శాస్త్రవేత్త. ‘కుంతలీన్’ అనే తలనూనె తయారుచేసిన హెచ్. బోస్ తన సరుకు ప్రచారం కోసం ఏటా కథల పోటీ పెట్టేవారు. కథలో నూనె ప్రస్తావన ఉండాలి, కానీ అది ప్రకటనలా కనిపించకూడదు. 1896లో ఆ బహుమతి పొందిన ‘నిరుద్దేశేర్ కాహినీ’ని రాసినది జగదీశ్ చంద్ర బోస్. కలకత్తా మీదికి రావలసిన తుఫాను రాకుండా పోతుంది. శాస్త్రజ్ఞులు కారణం తెలియక తలలు పట్టుకుంటారు. ఓడలో వెళుతున్న ప్రయాణికుడొకడు సీసాలోని తలనూనెను సముద్రంలో పోయడంతో అలలు చల్లబడ్డాయన్నది అసలు సంగతి. ద్రవాల తలతన్యత గురించిన సూత్రాన్ని బోస్ హాస్యకథగా మలిచారు. 1921లో ఈ కథను పెంచి ‘పలాతక్ తుఫాన్’ పేరుతో తన వ్యాస సంపుటి ‘అవ్యక్త’లో చేర్చారు.

ఇదే కుంతలీన్ పోటీలో కొన్నేళ్ల తరువాత ‘మందిర్’ అనే కథకు బహుమతి వచ్చింది. దాని రచయిత శరత్ చంద్ర చటోపాధ్యాయ. బెంగాలీ సామాజిక కథ, సైన్స్ కథ ఒకే పందిరి కింద పెరిగాయనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మద్రాసులో అచ్చయిన కల

ఈ చరిత్రలో తెలుగువారికి సంబంధించిన ఒక మలుపు ఉంది. బేగం రుకియా సఖావత్ హుస్సేన్ ఇంగ్లీషులో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో మద్రాసు నుంచి వెలువడే ‘ది ఇండియన్ లేడీస్ మ్యాగజీన్’లో అచ్చయింది. ఆ పత్రికను 1901లో స్థాపించి నడిపిన కమలా సత్యనాథన్ తెలుగింటి ఆడపడుచు.

కథలోని ‘లేడీలాండ్’లో పాలన స్త్రీలది, పరదా పురుషులది. అక్కడి విశ్వవిద్యాలయాల స్త్రీలు మేఘాల నుంచి నేరుగా నీటిని తోడుకుంటారు, ఎండ వేడిని నిల్వచేసి వంటకు వాడతారు. శత్రుసైన్యాన్ని ఆ వేడితోనే తరిమికొడతారు. రాకపోకలకు గాలిలో ఎగిరే బండ్లున్నాయి. రచయిత్రి బడికి వెళ్లి చదువుకోలేదు. ఆరేళ్ల తరువాత, 1911లో, ఆమె కోల్‌కతాలో బాలికల కోసం సఖావత్ మెమోరియల్ పాఠశాల తెరిచారు. కథలో ఊహించిన బడిని వీధిలో కట్టి చూపించారన్నమాట. 2024లో యునెస్కో ఈ రచనను ఆసియా-పసిఫిక్ ప్రాంతపు ‘మెమరీ ఆఫ్ ది వరల్డ్’ జాబితాలో చేర్చింది.

కోతల్లో భూగోళం

ప్రేమేంద్ర మిత్ర (1904-1988) కవి, కథకుడు, సినిమా దర్శకుడు. ఆయన ఘనాదా తొలిసారి 1945లో ‘మశా’ (దోమ) అనే కథలో కనిపించాడు. అసలు పేరు ఘనశ్యామ్ దాస్. బనమాలీ నస్కర్ లేన్‌లోని 72వ నంబరు మెస్సులో పై గది ఆయన నివాసం. మెస్సు గడప దాటడం అరుదు. నోరు తెరిస్తే మాత్రం సఖాలిన్ దీవి నుంచి ఆఫ్రికా అడవుల దాకా తాను కాపాడని చోటు లేదంటాడు. శిశిర్ దగ్గర సిగరెట్లు ‘అప్పు’ తీసుకుంటూ లెక్క మాత్రం తప్పక చెబుతాడు.

తెలుగులో ఇలాంటివాణ్ణి కోతలరాయుడంటాం. తేడా ఒక్కటే. ఘనాదా చెప్పే కథ అబద్ధమైనా, అందులోని భూగోళం, చరిత్ర, రసాయన శాస్త్రం చాలావరకు నిజం. కుర్రవాళ్లు కోతలకు నవ్వుకుంటూ అట్లాసు తెరిచేలా చేయడమే మిత్ర నేర్పు.

చీమలు తిన్న డైరీ

ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి 1913లో స్థాపించిన పిల్లల పత్రిక ‘సందేశ్’ను ఆయన మనవడు సత్యజిత్ రాయ్, కవి సుభాష్ ముఖోపాధ్యాయ్‌తో కలిసి 1961లో పునరుద్ధరించారు. పత్రికకు కథలు కావాలి. ఆ అవసరం నుంచే ‘వ్యోమయాత్రీర్ డైరీ’తో ప్రొఫెసర్ త్రిలోకేశ్వర్ శంకు పుట్టాడు.

శంకు ఉండేది గిరిడీలో, ఉశ్రీ నది దగ్గర. తోడు న్యూటన్ అనే పిల్లి, ప్రహ్లాద్ అనే పనివాడు, విధుశేఖర్ అనే మరమనిషి. రాయ్ పూర్తిచేసిన శంకు కథలు 38. మరో రెండు అసంపూర్తిగా మిగిలాయి. మొదటి కథలో శంకు డైరీ సుందర్‌బన్ అడవుల్లో ఉల్క పడిన గోతిలో దొరుకుతుంది. దాని కాగితం నిప్పుకు కాలదు, లాగితే సాగుతుంది, సిరా రంగులు మారుతుంది. అంతటి డైరీని చివరికి చీమలు తినేస్తాయి. ఈ ముగింపును పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. దీనితో మనకు మళ్లీ పని ఉంది.

‘ఆశ్చర్య’: పాఠకులే నిర్మించిన ఇల్లు

ఈ రచనలకు ఒక ఉమ్మడి పేరు, ఉమ్మడి చిరునామా ఇచ్చినవారు అద్రీశ్ బర్ధన్ (1932-2019). 1963 జనవరిలో ఆయన ‘ఆశ్చర్య’ అనే మాసపత్రిక ప్రారంభించారు. పూర్తిగా సైన్స్ ఫిక్షన్‌కే అంకితమైన తొలి బెంగాలీ పత్రిక అది. ఆకాశ్ సేన్ అనే కలం పేరుతో దానికి సంపాదకత్వం వహించారు. ‘కల్పవిజ్ఞాన్’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చినదీ ఆయనే. జూల్ వెర్న్ రచనలనూ బెంగాలీలోకి తెచ్చారు.

1966లో ఈ బృందమే కోల్‌కతాలో సైన్స్ ఫిక్షన్ సినీ క్లబ్ నెలకొల్పింది. అధ్యక్షుడు సత్యజిత్ రాయ్, కార్యదర్శి బర్ధన్. విదేశీ చిత్రాలను తెప్పించి సభ్యులకు చూపేవారు. అదే ఏడాది ఆకాశవాణి కలకత్తా కేంద్రం కోసం మిత్ర, బర్ధన్, దిలీప్ రాయ్‌చౌధురి, రాయ్ వంతులవారీగా ‘సబుజ్ మానుష్’ (పచ్చ మనిషి) కథను అల్లారు. ఒకరు వదిలినచోట మరొకరు అందుకున్నారు. తమకు నచ్చిన సాహిత్యాన్ని నలుగురితో పంచుకోవడానికి పత్రిక, సినిమా, రేడియో అనే మూడు దారులనూ వాడుకున్న బృందం ఇది.

అన్నీ ఫలించలేదు. బెంగాల్ పల్లెలోని తామరకొలనులో అంతరిక్ష నౌక దిగే కథతో 1967లో రాయ్ రాసిన ‘ది ఏలియన్’ స్క్రిప్టు తెరకెక్కలేదు. సినీ క్లబ్ కొద్దికాలమే నడిచింది. ‘ఆశ్చర్య’ 1972లో ఆగిపోయింది. బర్ధన్ 1975లో ‘ఫెంటాస్టిక్’ పేరుతో మళ్లీ మొదలుపెట్టారు.

తెలుగులోకి తేవడంలో చిక్కు

ఈ సాహిత్యం తెలుగులోకి విస్తారంగా రాకపోవడానికి భాష కూడా ఒక కారణం. మొదటి చిక్కు పేరులోనే ఉంది. బెంగాలీలోనూ, హిందీలోనూ ‘విజ్ఞాన్’ అంటే సైన్స్. తెలుగులో ‘విజ్ఞానం’ అంటే ప్రధానంగా తెలివిడి, ఎరుక. సైన్స్ అనడానికి ‘శాస్త్రం’ జోడించి విజ్ఞానశాస్త్రం అనాలి. అందువల్ల ‘కల్పవిజ్ఞానం’ అక్షరాలా సంస్కృతమే అయినా తెలుగు చెవికి బెంగాలీ అర్థంలో వినబడదు. మనవాళ్లు ‘సైన్స్ ఫిక్షన్’ అనే ఇంగ్లీషు మాటనే వాడుకోవడం బద్ధకం వల్ల కాదు.

రెండవది వస్తువుల పేర్లు. శత్రువును మాయం చేసే శంకు పిస్తోలు పేరు ‘అనైహిలిన్’, సర్వరోగ నివారణ మాత్ర ‘మిరాక్యురాల్’. మందుల దుకాణంలో వినిపించే పేర్లలా ఉండటమే వాటి హాస్యం. అనైహిలిన్‌ను ‘సర్వనాశిని’ అని అనువదిస్తే అది పిస్తోలు కాదు, కురుక్షేత్రంలోని అస్త్రమైపోతుంది. తెలుగులో తత్సమ పదం వెంటనే పురాణం వైపు లాగుతుంది. ఇక్కడ అనువదించకపోవడమే మంచి అనువాదం.

మూడవది వరుసలు. ఘనాదాలోని ‘దా’ అంటే ‘దాదా’, అంటే అన్న. ‘ఘనన్న’ అంటే చనువు వస్తుంది గానీ బెంగాలీ మెస్సు వాసన పోతుంది. ‘ఘనాదా’ అనే ఉంచి, తొలి పుటలోనే ఒక పాత్ర చేత ‘అన్నా’ అనిపిస్తే పాఠకుడు తానే గ్రహిస్తాడు.

మన అరలో ఏముంది?

మనకు ఈ రుచి కొత్తదేమీ కాదు. శరత్ నవలలను తెలుగు చేసిన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి 1947 జూలైలో ‘చందమామ’ను ప్రారంభించారు. కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వంలో, చిత్రా బొమ్మలతో, 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ వంటి ధారావాహికలు అచ్చమైన తెలుగు ఫాంటసీ. అవి పత్రికలో వచ్చినంతకాలం రచయిత పేరు లేకుండానే వచ్చాయి. ఆయన పేరు దశాబ్దాల తరువాత, అభిమానుల పట్టుదల వల్ల పుస్తకాల అట్టలకెక్కింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘చీకట్లో సూర్యుడు’ నవల, సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’ ఆ తరువాతి మైలురాళ్లు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త పాఠకునికి ఒక వరుస సూచించవచ్చు. గంటలో ముగిసే ‘సుల్తానాస్ డ్రీమ్’ మొదటిది. తరువాత శంకు కథలు. వీటి ఇంగ్లీషు అనువాదాలు సులభంగా దొరుకుతాయి. నవ్వుకోవాలంటే ఘనాదా. పిల్లలకు చదివి వినిపించాలంటే సుకుమార్ రాయ్ ‘హ-జ-బ-ర-ల’. అందులో చేతిరుమాలు పిల్లిగా మారిపోతుంది. వీటి పక్కన ‘పాతాళదుర్గం’ పెట్టి చదివితే, తెలుగువారి ఊహ కోటల, మాంత్రికుల వైపు, బెంగాలీల ఊహ ప్రయోగశాల వైపు మొగ్గిన తీరు స్పష్టమవుతుంది.

భవానీపూర్‌కు పడమట, ఆదిగంగ కాలువ దాటితే అలీపూర్. అక్కడి జాతీయ గ్రంథాలయానికి 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరాలి. తెలుగు పుస్తకాలూ అందులో ఉంటాయి. కానీ చవక కాగితంపై వచ్చి, రద్దీకి పోయిన పిల్లల పత్రికలను ముందుగా కాపాడుకున్నవారు సామాన్య పాఠకులు. పాత సంచికలను అటకల మీద నుంచి దించి, స్కాన్ చేసి, ఒకరికొకరు అందించుకున్నది వారే. 2016లో కోల్‌కతాలో ఈ సాహిత్యం కోసమే ‘కల్పవిశ్వ’ అనే వెబ్ పత్రిక మొదలైంది కూడా ఆ ఆసక్తి నుంచే.

శంకు డైరీ నిప్పుకు కాలలేదు, చీమలకు దొరికిపోయింది. మన ఇళ్లలోని పాత ‘చందమామ’లకు చెదలు చాలు. పుస్తకం బతకాలంటే మరొకరి చేతికి వెళ్లాలి. నచ్చిన పుస్తకాన్ని ఎదుటివారికి ఇచ్చి, చదివి చూడమని చెప్పడమే ఆ పనికి మొదటి మెట్టు.