ఉప్పునీటిలో పైన్ విత్తనం ఎందుకు మొలవదు?

మొలకెత్తాలంటే విత్తనం ముందు నీళ్లు పీల్చి ఉబ్బాలి. అప్పుడే పెంకు పగిలి వేరు బయటికొస్తుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంత ఉప్పున్న నీరు విత్తనంలోకి సులువుగా పోదు. ఉప్పు పట్టించిన మామిడి ముక్క ఊట వదిలేస్తుంది చూశారా, ఇదీ అదే లెక్క. ఉప్పు ఎక్కువున్న వైపే నీటిని లాగుతుంది. చుట్టూ నీళ్లే, అయినా విత్తనానికి దాహం!

ఉప్పు కొంచెమే ఉంటే మొలక ఆలస్యమవుతుంది, మరీ ఎక్కువైతే అసలు రాదు. తమాషా ఏమిటంటే, కొన్ని విత్తనాలు ఉప్పులో చావవు. మంచి వాన పడి ఉప్పు కొట్టుకుపోతే మొలుస్తాయి.

అసలు గండం మొలకది. లేత వేరు నీటితోపాటు సోడియం, క్లోరైడ్‌లనూ లాక్కుంటుంది. మొక్కకు కావలసిన పొటాషియం అందకుండా సోడియం అడ్డుపడుతుంది. ఉప్పు పేరుకున్న సూదుల్లాంటి ఆకులు కొసల నుంచి గోధుమరంగుకు తిరిగి మాడిపోతాయి. ఎదుగుదల గిడసబారుతుంది.

మరి జపాన్ తీరంలో నల్ల పైన్లు ఎలా బతుకుతున్నాయి? వాటి ఆకులు దళసరి, పైన మైనపు పొర. గాలి మోసుకొచ్చే ఉప్పు తుంపరకు జంకవు. వేళ్ల దగ్గర ఉప్పునీరు నిలిస్తే మాత్రం కష్టమే. 2011 మార్చి 11 నాటి సునామీ రికుజెన్‌తకాతా తీరంలో సుమారు 70,000 పైన్ చెట్లను ఊడ్చేసింది. నిలిచింది ఒక్కటే. అదీ వేళ్లు ఉప్పుకు కుళ్లిపోయి 2012లో ఎండిపోయింది. అయితే అప్పటికే దాని కొమ్మలు తీసి అంట్లు కట్టేశారు.