జాడ తెలిసేదాకా

నక్కపల్లిలో విశాఖ బస్సెక్కినవాళ్లు అనకాపల్లి, గాజువాక దాటాక ఎన్ఏడీ జంక్షన్‌లో దిగుతుంటారు. ఆ జంక్షన్‌కి పేరిచ్చింది పక్కనున్న నౌకాదళ ఆయుధ డిపో. ఆ డిపోలో పనిచేసే ఎనిమిది మంది సివిలియన్ ఉద్యోగులు 2016 జులై 22న పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరారు. వాళ్లెక్కిన వైమానిక దళం ఏఎన్-32 ఉదయం 8.30కి చెన్నై పక్కనున్న తాంబరం నుంచి లేచింది. 11.45కి దిగాలి. 9.12 ప్రాంతంలో, చెన్నైకి తూర్పుగా దాదాపు 280 కిలోమీటర్ల దూరంలో రాడార్ మీంచి మాయమైంది. 23 వేల అడుగుల ఎత్తులో ఎగురుతున్న విమానం ఒక్కసారిగా ఎడమకు తిరిగి వేగంగా కిందికి జారిందని ఆనాటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ పార్లమెంటుకు చెప్పారు. పైలట్ల నుంచి ఆపద కబురేదీ రాలేదు. మొత్తం 29 మంది. అందరూ ఏమయ్యారో తెలియలేదు.

సముద్రంలో మనిషి కనిపించకుండా పోవడం అంటే ఏమిటో నక్కపల్లి మండలానికి ఎవరూ చెప్పక్కర్లేదు. రాజయ్యపేట, బంగారమ్మపేట తీరంలో బతుకంతా వేట మీదే. అటు గోదావరి ముఖం దగ్గర భైరవపాలెం 1996 నవంబరు 6 తుపానులో ఎంతమందిని పోగొట్టుకుందో కోస్తాలో పెద్దవాళ్లందరికీ గుర్తే. వేటకెళ్లినవాడు శవమై ఒడ్డుకు కొట్టుకొస్తే ఇంట్లో ఏడుపు మొదలవుతుంది, కర్మ జరుగుతుంది, కాగితాలు కదులుతాయి. అసలు రాకపోతే ఏదీ మొదలు కాదు. కనిపించకుండా పోయినవాడు చనిపోయాడని చట్టం భావించాలంటే మామూలుగా ఏడేళ్లు గడవాలి. ఆ ఏడేళ్లూ ఆ ఇల్లాలు ముత్తైదువా, విధవా అన్నది ఆమె నోట రాని ప్రశ్న, ఊరు అడగలేని ప్రశ్న.

ఇదే చిక్కు సుమారు తొంభై ఏళ్ల కిందట ఫ్రెంచి పైలట్ల ఇళ్లలోనూ ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక పియెర్ జార్జ్ లాటెకోయెర్ అనే పారిశ్రామికవేత్త తూలూజ్ నుంచి ఉత్తరాల విమానాలు మొదలుపెట్టాడు. అదే తర్వాత ఏరోపోస్తాల్ అయింది. స్పెయిన్ మీదుగా మొరాకో, అక్కణ్నుంచి ఎడారి అంచు పట్టుకుని డాకర్, తర్వాత దక్షిణ అట్లాంటిక్ దాటి బ్రెజిల్, అర్జెంటీనా దాకా ఆ దారి పెరిగింది. యుద్ధంలో మిగిలిపోయిన బ్రెగే-14 విమానాల ఇంజన్లు ఎప్పుడు ఆగిపోతాయో తెలియదు. అందుకే సహారా తీరంలో రెండేసి విమానాలు జతగా వెళ్లేవి. ఒకటి దిగిపోతే రెండోది ఆ మనిషినీ, ఉత్తరాల సంచులనూ ఎక్కించుకోవాలి. ఆ దారిలో వందమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

నేలమీద పడితే కనీసం వెతకడానికి చోటుంటుంది. నీళ్లలో అదీ లేదు. 1927 మే 8న నుంజెస్సర్, కోలీ అనే ఇద్దరు ఫ్రెంచి వైమానికులు పారిస్ నుంచి న్యూయార్క్‌కు ‘తెల్ల పక్షి’ అనే విమానంలో బయల్దేరారు. బరువు తగ్గించుకోవడానికి చక్రాల సామగ్రిని లేచిన వెంటనే వదిలేశారు. ఆ చక్రాల సామగ్రి పారిస్ దగ్గర లె బుర్జే మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. విమానమూ లేదు, మనుషులూ లేరు. 1936 ఫిబ్రవరిలో ‘విల్ ద బ్యూనస్ ఎయిర్స్’ అనే సముద్ర విమానం దక్షిణ అట్లాంటిక్‌లో ఆరుగురితో మునిగిపోయింది. అదే ఏడు డిసెంబరు 7న, ఫ్రాన్స్ అంతా ఆరాధించిన పైలట్ జాన్ మెర్మోజ్ డాకర్ నుంచి ‘క్రువా దు సుద్’ అనే విమానంలో లేచాడు. ప్రొపెల్లర్‌లో ఏదో తేడా చూసి వెనక్కి తిరిగొచ్చి, బాగుచేయించుకుని మళ్లీ బయల్దేరాడు. ఉదయం 10.47కి రేడియోలో ఒక్క కబురు: కుడివైపు వెనక ఇంజన్ ఆపుతున్నాం. ఆ తర్వాత ఏమీ లేదు. అయిదుగురు మనుషులకు మిగిలిన ఆఖరి ఆనవాలు ఆ ఒక్క వాక్యం.

నా మనసును ఎక్కువగా పట్టుకున్నది మాత్రం ఏరోపోస్తాల్ పైలట్ ఆన్రి గియోమె కథ. 1930 జూన్ 13న ఆండీస్ కొండల్లో మంచు తుపానులో చిక్కి, ఒక సరస్సు ఒడ్డున అతని పోటెజ్-25 తలకిందులైంది. అయిదు పగళ్లు, నాలుగు రాత్రులు మంచులో నడిచాడు. పడుకుంటే చావే. ఒకచోట జారి బోర్లా పడి, ఇక చాలనుకున్నాడు. అప్పుడు భార్య గుర్తొచ్చింది. ఇన్సూరెన్సు ఉంది, ఆమెకు లోటుండదు అనుకున్నాడు. వెంటనే ఇంకో సంగతి తట్టింది. శవం దొరక్కపోతే మరణాన్ని చట్టం నాలుగేళ్ల దాకా గుర్తించదు. ఎదురుగా ఒక బండ కనిపించింది. దానికి ఆనుకుని పడి ఉంటే వేసవిలో మంచు కరిగాక తన శవం దొరుకుతుందని లేచాడు. లేచినవాడు నడిచాడు, బతికాడు. స్నేహితుడు, తోటి పైలట్ సాంతెగ్జూపెరీ 1939లో ఈ సంగతంతా రాశాడు. దిక్కులేని మంచులో ఒక మగాడు తన ప్రాణం గురించి కాక, తన శవం దొరకడం గురించి ఆలోచించాడు. ఇంటిమీద ఇంతకన్నా గొప్ప ప్రేమ ఏముంటుందో నాకు తెలియదు.

ఆ సాంతెగ్జూపెరీ కూడా 1944 జులై 31న కోర్సికా నుంచి లేచి మాయమయ్యాడు. 1998లో మార్సేయ్ దగ్గర ఒక జాలరి వలలో అతని పేరు చెక్కిన వెండి కంకణం పడింది. విమానం ముక్కలు అతనివేనని 2004లో తేలింది. అరవయ్యేళ్లు.

మన ఏఎన్-32కి ఏడున్నరేళ్లు పట్టింది. నౌకలు, విమానాలు, జలాంతర్గామితో పాటు ‘సాగర్ నిధి’, ‘సముద్ర రత్నాకర్’ పరిశోధక నౌకలు కూడా వెతికాయి. 2016 సెప్టెంబరు 15న వెతుకులాట ఆపి, అందరూ చనిపోయినట్టే భావించాలని ఇళ్లకు కబురు పెట్టారు. ఏడేళ్లు ఆగమనకుండా అంత త్వరగా తేల్చడం ఆ కుటుంబాలకు చేసిన మేలే. కానీ ఆ విమానంలో నీటి అడుగునుంచి సంకేతాలు పంపే బీకన్ లేదు. ఎమర్జెన్సీ ట్రాన్స్‌మిటర్లు ఉన్నా అవి నీట మునిగితే గొంతు లేనివే. మెర్మోజ్‌కి అలాంటి పరికరం లేదంటే, 1936లో అది ఇంకా పుట్టలేదు. 2016లో బంగాళాఖాతం మీద తరచూ తిరిగే సైనిక విమానంలో లేకపోవడానికి ఆ సాకు చెల్లదు.

2024 జనవరిలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తన మానవరహిత జలాంతర వాహనాన్ని 3,400 మీటర్ల లోతుకు దింపింది. సోనార్‌తో వెతికి, ఫొటోలు తీసింది. చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో కనిపించిన ఆ శకలాలు ఏఎన్-32వేనని, ఆ చుట్టుపక్కల కూలిన విమానం మరొకటి లేదని రక్షణ శాఖ ప్రకటించింది.

దొరకడం సగం పనే. మిగతా సగం ఎలా చేయాలో ఫ్రెంచివాళ్లే చూపించారు. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం 228 మందితో రియో నుంచి పారిస్ వస్తూ, మెర్మోజ్ మాయమైన ఆ అట్లాంటిక్‌లోనే కూలింది. వాళ్లు రెండేళ్ల పాటు మళ్లీ మళ్లీ వెతికారు. 2011 ఏప్రిల్‌లో 3,900 మీటర్ల లోతున శకలాలు దొరికాయి. మే నెలలో విమాన రికార్డర్లు పైకొచ్చాయి. మంచు పట్టి వేగం కొలిచే గొట్టాలు మూసుకుపోవడం, ఆ గందరగోళంలో పైలట్లు విమానాన్ని అదుపు చేయలేకపోవడం కారణాలని 2012 నివేదిక వివరంగా చెప్పింది. నీటి బీకన్లు 30 రోజులు కాదు, 90 రోజులు పనిచేయాలన్న సిఫారసూ ఆ దర్యాప్తు నుంచే వచ్చింది.

3,900 మీటర్ల లోతునుంచి రికార్డర్లు తీయగలిగినప్పుడు 3,400 మీటర్లు అసాధ్యం కాదు. 23 వేల అడుగుల ఎత్తులో ఆ ఎడమ మలుపు ఎందుకొచ్చిందో తేల్చి, ఆ 29 ఇళ్లకూ అర్థమయ్యే భాషలో రాసివ్వాలి. డిపో నుంచి వెళ్లిన ఎనిమిది మంది ఇళ్లకు తెలుగులో రాసివ్వాలి. సముద్రం దాటే ప్రతి సైనిక రవాణా విమానంలో నీటి బీకన్ ఉందా లేదా అని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. వచ్చిన జవాబును జిల్లా పత్రికలు అచ్చువేయాలి.