కరువు సీమ రైతుకు ఉచిత న్యాయ సహాయము



వాన తప్పిన సంవత్సరమున పంట పోవును. ఆ నష్టము మరుసటి మంచి సంవత్సరములో కొంతవరకు పూడవచ్చును. కాని ఆ కష్టకాలములో తొందరపడి చేసిన సంతకము వలన భూమి చేజారినచో, అది తరములు గడచినను తిరిగి రాదు. అనంతపురము పీఠభూమిలో ఈ మాట ఎవరికిని విప్పి చెప్పనక్కరలేదు. ఇచ్చట సాలుకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నేలలు ఎక్కువగా లోతు తక్కువ గల ఎర్ర నేలలు. వేరుసెనగ ఊడలు దిగు సమయమున వాన మొగము చాటు చేసినచో కాయ పట్టదు. అప్పుడు రైతు ప్రోనోటు వ్రాసి ఇచ్చును, లేదా పొలమును హామీగా పెట్టును. తగాదా పుట్టునప్పటికి వకీలు ఫీజుకు చేతిలో డబ్బు ఉండదు.

ఓడినవాడు కోర్టులో ఏడ్చెను, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చెను అను సామెత మీరు వినియే యుందురు. ఆ భయము చేతనే పలువురు తమ న్యాయమైన హక్కును వదలుకొనుచున్నారు. అట్లు వదలుకొన నక్కరలేదు. కరువు బాధితుని ప్రత్యేకముగా పేర్కొని సహాయము కల్పించిన చట్టము మనకు ఉన్నది.

చట్టము ఏమి చెప్పుచున్నది?

పేదరికము వలన ఎవరికిని న్యాయము దక్కకుండ పోరాదని 1976లో మన రాజ్యాంగములో 39-ఎ అధికరణమును చేర్చిరి. దానిని ఆచరణలో పెట్టుటకు 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టము చేయబడినది. ఇది 1995 నవంబరు 9 నుండి అమలులో నున్నది.

ఈ చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులముల వారు, షెడ్యూల్డు తెగల వారు, వికలాంగులు, నిర్బంధములో నున్నవారు, ప్రభుత్వము నిర్ణయించిన ఆదాయ పరిమితికి లోబడినవారు మొదలగువారు ఉచిత న్యాయ సహాయమునకు అర్హులు. వరద, భూకంపము, కరువు వంటి వాని వలన తమ తప్పు లేకుండ ఇబ్బందుల పాలైనవారు కూడ ఇదే సెక్షనులో చేరియున్నారు. కావున కరువు వలన పంట కోల్పోయిన రైతు ఈ సహాయమును దయగా కాక హక్కుగా అడుగవచ్చును. అయితే అతని వ్యాజ్యములో పైకి కనిపించు న్యాయమైన ఆధారము ఉన్నదని సంస్థ వారికి తోచవలెను.

సహాయము అనగా ఊరక సలహా మాత్రమే కాదు. వకీలును నియమించుట, అర్జీలు, దావా పత్రములు తయారు చేయించుట, కోర్టు ఫీజు, నకళ్ళ ఖర్చు ఇందులో చేరును. సివిలు కోర్టుకే కాక రెవెన్యూ కోర్టుకును ఇది వర్తించును. సంస్థ నియమించిన వకీలు మీ వద్ద ఫీజు తీసికొనరాదు. ఎవరైన అడిగినచో వెంటనే సంస్థకు తెలుపుడు.

ఎచ్చటికి వెళ్ళవలెను?

అనంతపురములో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలదు. దానికి జిల్లా ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షులు. గుత్తి, పెనుకొండ, ధర్మవరము, కదిరి, హిందూపురము వంటి కోర్టులున్న పట్టణములలో మండల న్యాయసేవా కమిటీలు పనిచేయుచున్నవి. చదువు రానివారు నోటితో చెప్పుకొనిన చాలును, అచ్చటివారే అర్జీ వ్రాసికొందురు. ఊరి నుండి కదలలేనివారు 15100 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

వెళ్ళునప్పుడు పట్టాదారు పాసుపుస్తకము, అడంగలు, 1-బి నకళ్ళు, అప్పు కాగితములు, రసీదులు వెంట తీసికొని పోవలెను. కాగితము లేని మాటకు కోర్టులో బలము తక్కువ.

ఊరి చావడి నుండి లోక్ అదాలతు వరకు

ఊరి తగవు దగ్గరలోనే తీరవలెనను ఆలోచన ఈ సీమకు కొత్త కాదు. 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా అనంతపురములో నుండిన థామస్ మన్రో తరువాతి కాలమున న్యాయ సంస్కరణలకు పూనుకొనెను. వాని ఫలితముగా 1816లో మద్రాసు రాజధానిలో 10 రూపాయల వరకు దావాలు విచారించు అధికారము గ్రామ మునసబులకు లభించినది. మన రాష్ట్రములో కరణము, మునసబు ఉద్యోగములు 1984లో రద్దయినవి.

నేడు రాజీకి తగిన వేదిక లోక్ అదాలతు. కోర్టులో నడుచు వ్యాజ్యమునే కాక, ఇంకను దావా వేయని తగాదాను కూడ ఇచ్చట పరిష్కరించుకొనవచ్చును. పెండింగు దావా ఇచ్చట రాజీపడినచో కట్టిన కోర్టు ఫీజు వాపసు వచ్చును. ఇచ్చట వెలువడిన అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కాబట్టి షరతులను చదివించుకొని, పూర్తిగా అర్థమైన తరువాతనే సంతకము చేయవలెను. ఇష్టము లేనిచో రాజీకి ఒప్పుకొన నక్కరలేదు.

సంతకమునకు ముందు

ఖాళీ ప్రోనోటుపై ఎన్నడును సంతకము చేయకుడు. స్టాంపు అంటించిన ఖాళీ కాగితముపై సంతకము చేసి ఇచ్చినచో, దానిని నింపుకొను అధికారమును కూడ ఇచ్చినట్లే చట్టము భావించును. అడిగిన వెంటనే చెల్లించవలసిన ప్రోనోటుపై దావాకు గడువు వ్రాసిన తేదీ నుండి 3 సంవత్సరములు. గడువు లోపల కొంత చెల్లించి, ఆ చెల్లును కాగితముపై వ్రాసి సంతకము చేసినచో గడువు మరల మొదటి నుండి లెక్కకు వచ్చును. అప్పు తీరినప్పుడు ప్రోనోటును తప్పక వాపసు తీసికొనవలెను.

భూమి విషయము ఇంకను ముఖ్యము. అప్పునకు హామీగా క్రయపత్రము రిజిస్టరు చేయించి, డబ్బు కట్టగానే తిరిగి వ్రాసి ఇచ్చెదనని నోటి మాట చెప్పుట కలదు. దీనిని నమ్మకుడు. తిరిగి ఇచ్చు షరతు అదే పత్రములో లేనిచో చట్టము దానిని తనఖాగా ఒప్పుకొనదు. తనఖా అయినచో విడిపించుకొను హక్కు కలిగిన నాటి నుండి 30 సంవత్సరముల వరకు దావా వేయవచ్చును. క్రయమైనచో భూమి పోయినట్లే. అప్పునకు హామీ ఇచ్చుచున్నచో తనఖా పత్రమే వ్రాయించుడు.

విత్తనము మోసగించినచో

నాసిరకపు విత్తనము వలన నష్టపోయిన రైతు కూడ వినియోగదారుడేనని 2012లో సుప్రీముకోర్టు జాతీయ విత్తన సంస్థ కేసులో స్పష్టము చేసినది. జిల్లా వినియోగదారుల కమిషనులో 2 సంవత్సరముల లోపల ఫిర్యాదు చేయవలెను. కొన్న సరకు విలువ 5 లక్షల రూపాయల వరకు ఉన్నచో ఫీజు లేదు. బిల్లు, సంచి, దానికి కట్టిన చీటీ భద్రపరచుడు. మొలక సరిగా లేదని తోచిన వెంటనే మండల వ్యవసాయాధికారికి వ్రాతమూలముగా తెలిపి, పైరు పొలములో ఉండగనే తనిఖీ చేయించుడు. దున్నివేసిన తరువాత రుజువు దొరకదు.

గ్రామోద్యోగులకు విన్నపము

గ్రామ రెవెన్యూ అధికారులు, పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ సహాయకులు ఈ సంగతులను గ్రామసభలో చదివి వినిపించవలెను. 15100 నంబరును పంచాయతీ ఆఫీసు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించవలెను. ముఖ్యముగా భర్తను కోల్పోయి అప్పుల వారి ఒత్తిడిలో నున్న స్త్రీలకు ఈ మాట ఇంటికి పోయి చెప్పవలెను. ఆదాయముతో పని లేకుండ వారు ఈ సహాయమునకు అర్హులు.

వానను రప్పించుట మన చేతిలో లేదు. వాన లేని ఏట భూమిని కాపాడుకొనుట చాలవరకు మన చేతిలోనే ఉన్నది. సంతకము చేయుటకు ముందు ఒకరోజు ఆగుడు, కాగితమును న్యాయసేవా కమిటీ వారికి చూపించుడు. దీనికి మీకగు ఖర్చు బస్సు చార్జీ మాత్రమే.