నడిచే పాదానికి రక్ష – బొబ్బలు, ఒరిపిడి రాకుండా ముందుజాగ్రత్తలు

ఆషాఢ పౌర్ణమి వెళ్ళిన మరునాటి నుండి నాలుగైదు రోజుల పాటు మా వైద్యశాల అరుగు మీద ఒక ప్రత్యేకమైన రోగివర్గం కనిపిస్తుంది. వీరికి జ్వరం లేదు, అజీర్ణం లేదు. చెప్పులు చేత పట్టుకుని, మడమ నేలకు తాకకుండా మునివేళ్ళపై కుంటుతూ వస్తారు. సింహాచలం గిరిప్రదక్షిణ చేసి వచ్చినవారు వీరు. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు కొండ దిగువన తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, హనుమంతవాక మీదుగా సముద్రతీరానికి వచ్చి, అప్పూఘర్ వద్ద స్నానమాడి, మాధవధార, ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు, గోపాలపట్నం మీదుగా తిరిగి తొలిపావంచా చేరేసరికి సుమారు 32 కిలోమీటర్లు అవుతుంది. ఏడాది పొడుగునా వీధి చివరి కూరగాయల దుకాణానికి సైతం స్కూటరుపై వెళ్ళే గృహస్థులు ఆ ఒక్క రాత్రి ఇంత దూరం నడుస్తారు. పలువురు పాదరక్షలు లేకుండానే నడుస్తారు.

ఈ బాధ యాత్రికులకే పరిమితం కాదు. కొత్త బూట్లు కొన్న మొదటి రోజే ఐదు కిలోమీటర్లు నడిచే ఉదయపు నడకవారికి, వేసవి శిబిరాలలో బ్యాడ్మింటన్ ఆడే పిల్లలకు, ఎన్.సి.సి. కవాతు చేసే విద్యార్థులకు కూడా ఇదే అనుభవం. చిన్న విషయమే కదా అని నేనూ చాలాకాలం ఉపేక్షించాను. అలా ఉపేక్షించకూడదని నాకు తెలిసివచ్చిన సంఘటనను వ్యాసం చివరలో మనవి చేస్తాను.

వేడి చేసినందువల్లనా?

పాదానికి బొబ్బ లేవగానే మన ఇళ్ళలో పెద్దలు "ఒంట్లో వేడి చేసింది, సబ్జాగింజలు తాగు" అంటారు. సబ్జాగింజలు తాగితే నష్టమేమీ లేదు గాని బొబ్బకు అసలు కారణం అది కాదు. మజ్జిగ మాత్రమే తాగి నడిచినా, బూటు సరిపోనిదైతే బొబ్బ లేచి తీరుతుంది.

నడిచేటప్పుడు లోపలి ఎముక అడుగడుగునా ముందుకూ వెనుకకూ కదులుతుంది. చర్మపు పైపొర మాత్రం బూటుకో మేజోడుకో అంటుకుని ఉండిపోతుంది. ఈ రెంటి నడుమ నలిగిన లోపలి పొరలు చీలి, ఆ ఖాళీలోకి నీరు ఊరుతుంది. అదే బొబ్బ. అరికాలి చర్మం, మడమ చర్మం మందంగా ఉండి కింది భాగానికి గట్టిగా అతుక్కుని ఉండడం చేత అక్కడ బొబ్బ లేస్తుంది. తొడలు, చంకలు మొదలైన పలుచని చర్మం గల చోట్ల బొబ్బ లేవకుండానే పైపొర గీరుకుని పోతుంది. దానినే ఒరుసుకుపోవడం అంటాము.

రాపిడికి తోడు తడి చేరితే కీడు రెట్టింపు. గృహిణులకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. పొడి పెసరపప్పును ఎంత రుద్దినా పొట్టు రాదు. నాలుగు గంటలు నానిన పప్పును రెండు చేతుల మధ్య అలా నలిపితే చాలు, పొట్టు ఊడి వస్తుంది. చెమటలో నానిన పాదం సంగతి కూడా అంతే. గిరిప్రదక్షిణలో సముద్రస్నానం ముగించి, ఇసుక అంటిన తడికాళ్ళతో, తడిబట్టలతో నడక సాగించేవారికే అధికంగా బొబ్బలు లేవడానికి కారణం ఇదే. ఆషాఢమాసపు వాన దీనికి తోడు.

శాస్త్రపరిభాషలో చెప్పవలెనంటే అతిచంక్రమణం వల్ల వాతం ప్రకోపిస్తుంది, తడి వల్ల క్లేదం పెరుగుతుంది, ఆపైన మంట రూపంలో పిత్తం కనిపిస్తుంది. అధికంగా నడిచేవారి పాదాలు రూక్షమై పగిలే పాదదారి, రాళ్ళు ముళ్ళు గుచ్చుకోవడం వల్ల గట్టిపడే కదరం అనే ఆనెకాయ, బురదనీటిలో తిరిగేవారికి వేళ్ళ సందులు తడిసి దురద, మంట పుట్టించే అలసం – ఈ మూడింటినీ సుశ్రుతాచార్యులు నిదానస్థానంలోని క్షుద్రరోగాలలో చేర్చారు. క్షుద్రం అనగా చిన్నదని అర్థమే గాని, పట్టించుకోనక్కరలేదని కాదు.

ముందుగా చేయవలసినవి

గురుకులంలో మా గురువుగారు రాత్రి భోజనానంతరం శిష్యులందరినీ వరుసగా కూర్చోబెట్టి ఎవరి పాదాలకు వారిచేతనే నువ్వులనూనె రాయించేవారు. "ముఖం అద్దంలో రోజూ చూసుకుంటారు, మిమ్మల్ని మోసే పాదాలను ఒక్కసారైనా చూడండి" అనేవారు. ఆ వయసులో నిద్ర ముంచుకువస్తుండగా నూనె రాసుకోవడం మాకు విసుగు కలిగించేది. పాదాభ్యంగం వల్ల పాదాల గరుకుదనం, బిగువు, పొడిదనం, అలసట, తిమ్మిరి తొలగుతాయని, పగుళ్ళు రావని, దృష్టి ప్రసన్నమవుతుందని చరకసంహిత సూత్రస్థానం ఐదవ అధ్యాయంలో ఉన్నది. తల, చెవులు, పాదాలకు తైలాభ్యంగం విశేషంగా చేయవలెనని అష్టాంగహృదయ దినచర్యాధ్యాయం కూడా చెబుతున్నది.

అయితే ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. పాదాభ్యంగం రాత్రి పడుకునే ముందు చేయవలసినదే తప్ప బూట్లు తొడుక్కునే ముందు చేయవలసినది కాదు. పాదమంతటా నూనె పట్టించి బూటు తొడిగితే కాలు లోపల జారుతుంది. మొదటి గంటలో రాపిడి తగ్గినట్లే ఉంటుంది గాని, నూనెను చర్మం పీల్చుకుని మెత్తబడిన తరువాత రాపిడి మునుపటికంటె ఎక్కువ కావచ్చును. కాబట్టి ప్రయాణానికి పక్షం రోజుల ముందు నుండి రాత్రిపూట నువ్వులనూనె మర్దించి, ఉదయం సున్నిపిండితో జిడ్డు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవలెను. నడిచే రోజున మడమ వెనుక, బొటనవేలి పక్క, చిటికెనవేలి మీద, అనగా ఎవరికి ఎక్కడ ఒరుసుకునే అలవాటో అక్కడ మాత్రమే పేరిన నెయ్యి పలుచగా రాసి, గంటకొకసారి తుడిచి తిరిగి రాయవలెను.

కాళ్ళకు చెమట అధికంగా పట్టేవారు రెండు చెంచాల త్రిఫలచూర్ణం లీటరు నీటిలో వేసి సగమయ్యే వరకు మరిగించి, వడగట్టి, గోరువెచ్చగా పావుగంట సేపు పాదాలు ముంచి ఉంచవలెను. ఇలా వారానికి మూడు నాలుగు సార్లు చేయవచ్చును. కరక్కాయ వగరు చర్మాన్ని బిగువు చేస్తుంది. తోళ్ళు పదును చేసేవారు కరక్కాయ వాడేది ఈ గుణం కోసమే. పాదాలు పగిలి ఉన్నవారు మాత్రం దీనిని వాడరాదు, మరింత పొడిబారతాయి.

అన్నిటికంటె ముఖ్యమైన ఔషధం అభ్యాసం. 32 కిలోమీటర్లు నడవదలచినవారు నెలన్నర ముందు రోజుకు రెండు కిలోమీటర్లతో ఆరంభించి వారం వారం కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవలెను. చర్మం క్రమంగా మందమవుతుంది. పొలం దున్నే రైతు పాదానికి బొబ్బ ఎందుకు లేవదో ఆలోచించండి.

బూట్ల విషయంలో మన మధ్యతరగతి కుటుంబాలలో ఒక దురభ్యాసం ఉన్నది. పిల్లవాడి కాలు పెరుగుతుంది కదా అని రెండు సైజులు పెద్దవి కొంటాము. నేనూ మా మనుమడికి అలాగే కొన్నాను. పాఠశాల పరుగుపందెంలో రెండు మడమలూ కొట్టుకుపోయి ఇంటికి వచ్చాడు. ఇరుకు బూటు వేళ్ళను నొక్కితే వదులు బూటు మడమను కొరుకుతుంది. పాదాలు సాయంత్రానికి కొంత ఉబ్బుతాయి గనుక బూట్లు సాయంత్రం వేళ, మేజోళ్ళు తొడుక్కుని చూసి కొనవలెను. నిలబడినప్పుడు పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండవలెను. కొత్తవాటిని ఇంట్లో రోజుకు అరగంట తొడిగి, రెండు వారాలు మరిపిన తరువాతనే దూరం నడవవలెను.

నూలు మేజోళ్ళు శ్రేష్ఠమని నేను పూర్వం చెబుతూ ఉండేవాడిని. ఆ మాట కొంత సవరించుకోవలసి వచ్చింది. నూలు చెమటను పీల్చుకుంటుంది నిజమే, కాని విడిచిపెట్టదు, తడిగుడ్డలా కాలికి చుట్టుకుని ఉంటుంది. ఆఫీసుకు వెళ్ళిరావడానికి నూలు చాలును. దూరపు నడకకు, ఆటలకు ఉన్ని గాని చెమటను బయటికి తోసే కృత్రిమ నూలు గాని మేలు. రెండవ జత సంచిలో ఉంచుకుని, తడిసిన వెంటనే మార్చుకోవలెను.

మరొక సులభోపాయం పాశ్చాత్య వైద్యులది. మందుల దుకాణాలలో చవకగా దొరికే శస్త్రచికిత్స కాగితపు పట్టీని ఒరుసుకునే చోట ముందుగానే అంటిస్తే బొబ్బలు సుమారు 40 శాతం తగ్గినట్లు, 250 కిలోమీటర్ల పరుగులో పాల్గొన్నవారిని పరిశీలించి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులు 2016లో ప్రకటించారు. మంచి ఎక్కడ ఉన్నా గ్రహించవచ్చును. పట్టీ అంటించే చోట మాత్రం నెయ్యి రాయరాదు, అంటుకోదు.

తొడలు ఒరుసుకుంటే

ఈ బాధను, ముఖ్యంగా స్త్రీలు, వైద్యుడికి కూడా చెప్పుకోరు. స్థూలకాయులకు తొడల మధ్య, చీర కట్టుకున్నవారికి నడుము చుట్టూ లంగా బొందు బిగించిన చోట, పరుగెత్తే యువకులకు చంకలలోను చనుమొనల వద్దను చర్మం లేచిపోతుంది. చెమటలోని ఉప్పు, సముద్రపు ఉప్పు ఎండి ఇసుకవలె గీరుతుంది. కాబట్టి సముద్రస్నానం చేసినవారు వీలైతే మంచినీళ్ళు పోసుకుని, పొడిబట్టలు కట్టుకుని నడవవలెను. చీర లోపల మోకాళ్ళ వరకు వచ్చే బిగువైన పైజామా ధరిస్తే తొడలు ఒకదానినొకటి తాకవు. బయలుదేరే ముందు కొబ్బరినూనె గాని నెయ్యి గాని ఆయా చోట్ల రాసుకోవలెను. చర్మం లేచిన తరువాత పౌడరు చల్లరాదు. అది తడిసి ఉండలు కట్టి మరింత గీరుతుంది. గుండ్రంగా, అంచులు ఉబ్బి, దురదతో వ్యాపిస్తూ ఉంటే అది ఒరిపిడి కాదు, తామర. దానికి వేరే చికిత్స ఉన్నది, నెయ్యి రాస్తూ కూర్చోరాదు.

బొబ్బ లేచిన తరువాత

బొబ్బకు ముందు ఆ చోట వెచ్చగా, చురుక్కుమన్నట్లు ఉంటుంది. అప్పుడే ఆగి, తుడిచి, పట్టీ అంటించుకున్నవాడు బుద్ధిమంతుడు. "ఇంకొక్క కిలోమీటరే కదా" అనుకున్నవాడు నా దగ్గరకు వస్తాడు.

చిన్న బొబ్బను చిదపరాదు. పైనున్న తోలే దానికి ఉత్తమమైన కట్టు. దాని కింద ఐదారు రోజులలో కొత్త చర్మం ఏర్పడుతుంది. పెద్దదై, నడవనీయకుండా బాధిస్తే సబ్బునీటితో కడిగి, పది నిమిషాలు మరిగించిన సూదితో అంచున రెండు చోట్ల పొడిచి, నీరు మెల్లగా ఒత్తి తీసి, తోలును కత్తిరించకుండా అలాగే ఉంచి శుభ్రమైన గుడ్డతో కట్టవలెను. ధనుర్వాతపు టీకా కాలం మించిందేమో చూసుకోవలెను. సున్నం, పొగాకు, పళ్ళు తోముకునే పేస్టు రాయడం మానవలెను.

మంటకు శతధౌతఘృతం వంటిది లేదు. ఆవునెయ్యిని రాగిపళ్ళెంలో వేసి, చల్లని నీరు పోస్తూ అరచేతితో మర్దించి, ఆ నీరు పారబోసి, ఇలా నూరుసార్లు కడగవలెను. నెయ్యి రంగు, వాసన పోయి తెల్లని వెన్నలా తయారవుతుంది. గురుకులంలో లెక్క తప్పితే మళ్ళీ ఒకటి నుండి మొదలుపెట్టించేవారు. చేతులు నొప్పి పుట్టి తొంభై దగ్గర అబద్ధం ఆడినవారిలో నేనూ ఒకడిని. తోలు చితకని బొబ్బ చుట్టూ, ఒరుసుకున్న తొడలకు దీనిని పలుచగా రాయవచ్చును. జాత్యాది తైలంలో మైలుతుత్తం ఉంటుంది గనుక వైద్యుని అడగకుండా వాడవద్దు.

మధుమేహం ఉన్నవారు

పైన చెప్పిన గృహచికిత్సలేవీ వీరికి వర్తించవు. 2017లో మా పేటలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయులు నా వద్దకు వచ్చారు. పన్నెండేళ్ళుగా మధుమేహం. "వైద్యులుగారూ, ఈసారి నడక తరువాత పిక్కలు పట్టేశాయండీ" అన్నారు. పిక్కలకు తైలం ఇచ్చి పంపాను. పాదాలు చూపమని అడగలేదు. అడిగి ఉంటే అప్పటికే స్పర్శ మందగించిందని తెలిసేది.

2018లో ఆయన మళ్ళీ వట్టికాళ్ళతోనే ప్రదక్షిణ చేశారు. ఆరవ రోజున వచ్చారు. చిటికెనవేలి కింద బొబ్బ చితికి, నల్లబడి, వాసన వేస్తున్నది. "నొప్పి ఏమైనా ఉందా మాస్టారూ?" అని అడిగితే "లేదండీ, మేజోడుకు తడి అంటితే మా ఆవిడ చూసి చెప్పింది" అన్నారు. నొప్పి లేదన్న ఆ మాటే నన్ను భయపెట్టింది. అప్పటికప్పుడు శస్త్రవైద్యుని వద్దకు పంపాను. ఆ వేలు తీసివేయవలసి వచ్చింది. పాదం దక్కింది.

చేతులు కాళ్ళలో తిమ్మిరి, మంట ప్రమేహానికి పూర్వరూపాలని చరకాచార్యులు నిదానస్థానంలో చెప్పారు. నేను చదువుకున్న వాక్యమే అది. కంఠస్థమై ఉండి కూడా సమయానికి గుర్తుకు రాలేదు.

కావున మధుమేహం ఉన్నవారు ఇంట్లో గాని బయట గాని వట్టికాళ్ళతో నడవరాదు. ప్రదక్షిణ చేసినా బూట్లతోనే చేయవలెను. దర్శనానికి వెళ్ళేటప్పుడు విడిస్తే చాలును. ప్రతి రెండు గంటలకూ కూర్చుని, మేజోళ్ళు విప్పి, కంటితో చూసుకోవలెను, నొప్పిని నమ్ముకోరాదు. వేడినీళ్ళలో పాదం పెట్టే ముందు మోచేతితో వేడి చూడవలెను. వేళ్ళ సందులలో నూనె నిలవనీయరాదు. ఎంత చిన్న బొబ్బ అయినా ఇంట్లో పొడవక, ఆ రోజే వైద్యునికి చూపవలెను. మధుమేహం లేనివారు సైతం ఎరుపు పైకి పాకుతున్నా, చీము పట్టినా, గజ్జలలో బిళ్ళ కట్టినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయరాదు.

మాస్టారు ఇప్పుడు మెత్తని బూట్లు తొడుక్కుని ఉదయం వేళ అరగంట నడుస్తారు. రాత్రి భోజనమయ్యాక ఆయన సతీమణి నేల మీద చిన్న అద్దం పెట్టి, దాని పైన ఆయన అరికాళ్ళు పట్టించి దీపం వెలుగులో చూస్తారట. నేను ఇప్పుడు మధుమేహ రోగి ఎవరు వచ్చినా నాడి చూడడానికి ముందే మేజోళ్ళు విప్పమంటున్నాను.