పట్టా ఒకటి, అనుమతి మరొకటి: బహ్రెయిన్‌లో నర్సింగ్ చదువు ఎంచుకొనేవారికి

మన పూర్వీకులు ఓడ ఎక్కే ముందు ఒక కాగితంపై వేలిముద్ర వేశారు. 1860 నవంబరులో మద్రాసు నుండి డర్బను రేవు చేరిన ట్రూరో ఓడవారికీ, 1903 నుండి మద్రాసు మీదుగా ఫిజీ చెరకుతోటలకు తరలిన వారికీ ఆ కాగితమే జీవితాన్ని నిర్ణయించింది. ఫిజీలో దానికి ‘గిర్మిట్’ అని పేరు నిలిచింది. ఒప్పందమనే ఆంగ్లపదం నోళ్లలో నలిగి అలా మారింది. చదువు రానివారు అందులోని షరతులను పిలుచుకొనిపోయేవాడి నోటిమాటగానే విన్నారు. కాగితంలో ఏమున్నదో తోటకు చేరిన తరువాతగాని చాలామందికి తెలిసిరాలేదు.

ఈనాడు ఆ వంశాలలోని బిడ్డలు నర్సింగ్ చదువుతామని ముందుకు వస్తున్నారు. ఫిజీలో 1926లో ఏర్పడిన దక్షిణ భారతీయుల సంగం, తోటకార్మికుల సంతతి నడిపే సంస్థగా, లబాసాలో ఒక నర్సింగ్ కళాశాలనే నిర్వహిస్తున్నది. ఉద్యోగరీత్యా బహ్రెయిన్‌లో ఉంటున్న కుటుంబాలకు ఈ ప్రశ్న మరింత చిక్కుగా ఎదురవుతుంది: బిడ్డ ఇక్కడే చదవాలా, భారతదేశానికి వెళ్లాలా, తాతలు స్థిరపడిన దేశానికి మరలాలా? దీనికి జవాబు కళాశాల పేరులో దొరకదు. ఆ కళాశాల ఇచ్చే పట్టాను ఏ దేశపు మండలి గుర్తిస్తుందన్న విషయంలో దొరుకుతుంది. ఈ వ్యాసం చెప్పదలచినది అదే.

బహ్రెయిన్‌లో నర్సింగ్ విద్య కొత్తది కాదు. అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన అరేబియన్ మిషన్ మనామాలో 1903లో ఆసుపత్రి తెరిచింది. నేటి అమెరికన్ మిషన్ హాస్పిటల్ దాని కొనసాగింపే. అదే చర్చికి చెందిన ఆర్కాటు మిషన్ మన మదనపల్లెలో 1911లో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రిని నెలకొల్పింది. ఆ మిషన్‌కే చెందిన డాక్టర్ ఐడా స్కడ్డర్ వేలూరులో 1909లో నర్సుల శిక్షణ ప్రారంభించగా, 1946లో అక్కడ డిగ్రీ చదువు మొదలైంది. బహ్రెయిన్‌లో ప్రభుత్వ నర్సింగ్ పాఠశాల 1959లోను, ఆరోగ్యశాస్త్రాల కళాశాల 1976లోను వెలిశాయి. ఆ కళాశాల 2011లో బహ్రెయిన్ విశ్వవిద్యాలయంలో చేరింది. రెండుచోట్లా నర్సింగ్ మొదట ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకొనే విద్య. తరువాత విశ్వవిద్యాలయ విద్య అయింది. ఈ కారణంగానే డిప్లొమా, డిగ్రీ అనే రెండు మెట్లు నేటికీ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఇప్పుడు విద్యార్థి ముందున్న దారులను చూద్దాము. మొదటిది బహ్రెయిన్ విశ్వవిద్యాలయం. అక్కడ నర్సింగ్‌తోపాటు ఇతర ఆరోగ్యశాస్త్రాల చదువులూ ఉన్నాయి. అది ప్రభుత్వ సంస్థ గనుక, పౌరులు కానివారికి సీట్లు ఎన్ని, రుసుము ఎంత అన్న విషయాన్ని దరఖాస్తుకు ముందే అడిగి తెలుసుకోవాలి. రెండవది ముహర్రఖ్ ప్రాంతంలోని బుసైతీన్‌లో ఉన్న ఐర్లండు రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ వారి వైద్య విశ్వవిద్యాలయం. ఇది 2004లో ఏర్పడింది. నర్సింగ్ విభాగం 2006లో మొదలైంది. బోధన ఆంగ్లంలో సాగుతుంది, బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్లు. డిప్లొమాతో ఇప్పటికే పనిచేస్తున్న నర్సులు డిగ్రీ పొందేందుకు అక్కడ వేరే కోర్సు కూడ ఉంది.

మూడవది భారతదేశం. అక్కడ బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్లు, జి.ఎన్.ఎం. డిప్లొమా మూడేళ్లు. డిప్లొమా చదివినవారు తరువాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ కోర్సుతో డిగ్రీ అందుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ పట్టాలను ఇస్తాయి. బి.ఎస్సీ.లో చేరడానికి పన్నెండవ తరగతిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఆంగ్లం చదివి ఉండాలి. పదిహేడేళ్లు నిండి ఉండాలి. అంటే నిజమైన ఎంపిక డిగ్రీనాడు కాక పదకొండవ తరగతిలో చేరేనాడే జరిగిపోతుంది. బహ్రెయిన్‌లోని పాఠశాలలో ఆనాడు జీవశాస్త్రాన్ని వదలుకొన్న బిడ్డకు ఈ తలుపు మూసుకొన్నట్లే. మలేషియా, మారిషస్, దక్షిణాఫ్రికా పౌరసత్వం గల విద్యార్థులు తమ పాఠశాల ధ్రువపత్రం పన్నెండవ తరగతికి సమానమని భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నుండి పత్రం తెచ్చుకోవాలి.

రోగి మంచం పక్కన నిలబడే పని తనకు సరిపడదని తోచినవారికి ప్రయోగశాల, ఎక్స్‌రే, ఫిజియోథెరపీ వంటి చదువులున్నాయి. ఇవి నర్సింగ్‌కు తక్కువవి కావు, స్వభావం వేరు. రాత్రి డ్యూటీలు, రక్తం, మలమూత్రాలు, మరణం, ఏడ్చే బంధువులు, వీటన్నిటి మధ్య నిదానంగా ఉండగలనా అని బిడ్డ తనను తాను అడుగుకోవాలి. ఆ జవాబును తల్లిదండ్రులు చెప్పకూడదు.

ఇక అసలు విషయం. పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. రోగిని తాకే అనుమతి ఇచ్చేది మండలి. ఈ రెండూ వేరు. బహ్రెయిన్‌లో ఆ అధికారం 2009 నాటి 38వ చట్టంతో ఏర్పడిన జాతీయ ఆరోగ్య నియంత్రణ సంస్థది. అది అభ్యర్థి చేతిలోని కాగితాన్ని చూసి నమ్మదు. పట్టా ఇచ్చిన కళాశాలనే నేరుగా అడిగి నిర్ధారించుకొంటుంది. కళాశాల మూతపడినా, రికార్డులు సరిగా లేకున్నా, అక్షరాల తేడాతో పేరు రెండు రకాలుగా ఉన్నా పని అక్కడే ఆగుతుంది. మనలో ఇంటిపేరు ముందు రాసేవారూ వెనుక రాసేవారూ ఉన్నారు. తోట రిజిస్టర్లలో గుమాస్తా చెవికి తోచినట్లు రాసిన పేర్లు నేటికీ కొన్ని కుటుంబాలను వెంటాడుతున్నాయి. పాస్‌పోర్టులోను, మార్కుల జాబితాలోను పేరు ఒక్కటిగా ఉండేలా పాఠశాలనాడే సరిచేయించడం మేలు.

ఐర్లండు పేరున్న పట్టా బహ్రెయిన్‌లో సంపాదించినంతమాత్రాన ఐర్లండులో నర్సుగా నమోదైనట్లు కాదు. అక్కడి మండలికి విడిగా దరఖాస్తు చేయాలి. అమెరికాకు ఎన్‌క్లెక్స్ పరీక్ష, బ్రిటనుకు అక్కడి నర్సింగ్ మండలి పరీక్షలు తప్పవు. విదేశంలో చదివి భారతదేశంలో పనిచేయదలచినవారికి భారత నర్సింగ్ మండలి సమ్మతి కావాలి. కనుక బిడ్డ ఏ దేశంలో బ్రతకదలచినదో ఆ దేశపు మండలికి ముందుగా రాసి, ఈ కళాశాల పట్టాను అంగీకరిస్తారా, ఏ షరతులతో అంగీకరిస్తారా అని లిఖితపూర్వకమైన జవాబు తీసుకోవాలి. రుసుము కట్టడం ఆ తరువాతి మాట.

భారతదేశంలో చదివి నర్సుగా బహ్రెయిన్‌కు తిరిగి రాదలచిన భారత పౌరులు మరొకటి గుర్తుంచుకోవాలి. వలస అనుమతి నియమాలున్న 18 దేశాలలో బహ్రెయిన్ ఒకటి. నర్సుల నియామకంలో మోసాలు పెరిగినందున, 2015 నుండి ఆ దేశాలకు వెళ్లే నర్సులకు భారత ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. నియామకాల బాధ్యతను ముఖ్యంగా ప్రభుత్వ సంస్థలకు అప్పగించారు. ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ అనే రాష్ట్ర సంస్థలు ఉన్నాయి. దళారి చేతికి లక్షలు పోసే ముందు వీటి గడప తొక్కడం మంచిది.

ఉద్యోగం వచ్చిన రోజున ఒప్పందాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుని చదవాలి. జీతం ఎంత, పని గంటలు ఎన్ని, మధ్యలో మానితే చెల్లించవలసినది ఎంత, తిరుగు టికెట్టు ఎవరిది అనే నాలుగు విషయాలు రాతలో ఉన్నాయా చూడాలి. ఉపకారవేతనంతో చదివినవారు ఎన్నేళ్లు అక్కడే పనిచేయాలన్న బాండు షరతును మరింత జాగ్రత్తగా చదవాలి. ముత్తాత వేలిముద్ర వేసిన కాగితాన్ని చదవగలిగినవారు ఆనాడు ఆ ఇంట లేరు. నేడు ప్రతి ఇంటా ఉన్నారు. ఆ చదువును ముందుగా వినియోగించవలసిన చోటు ఇదే.