జీర్ణపటము - నకాషీల ఆచారము

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కుటుంబములు తరతరములుగా కథాపటములు వ్రాయుచున్నవి. వాని యందమును వర్ణించుట మా యుద్దేశము కాదు. జీర్ణించిన పటమును పూర్వ మేమి చేసెడివారు, నేడేమి చేయవలయును అను విషయమునే విచారింతుము.

నకాషీలు నూలుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తిరుమణిబంక కలిపిన పూతను మూడుమారులు పట్టించి ఆరబెట్టుదురు. దానిపై ఎఱ్ఱని నేల పఱచి, ఉడుతవెండ్రుకల కుంచెతో కథను వరుసగా వ్రాయుదురు. 3 అడుగుల వెడల్పు, 40 మొదలు 60 అడుగుల నిడివి గల పటములు కలవు. పటమునకు శోభయు అపాయమును ఈ పూతవలననే కలుగుచున్నవి. కథ చెప్పినప్పుడెల్ల పటమును విప్పి చుట్టవలయును గదా! చుట్టినకొలది పూత చిట్లును. చిట్లినచోట రంగు పెచ్చులుగా రాలును. చెమ్మ తగిలిన గంజి మెత్తబడును, పురుగులకును ఆహారమగును.

కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయపురాణమును, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథను, డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును ఇట్టి పటములు చూపియే వినిపించిరి. పటము పాడైనచో మరమ్మతు చేయించుట వారి యాచారము కాదు. పాతదానిని చూచి నకాషీ క్రొత్తది వ్రాసెడివాడు. పాతదానికి పూజచేసి నీట విడిచెడివారు. ప్రదర్శనశాలలవారు విన్న గుండె బాదుకొందురు. కాని గుడ్డ పోయినను, కథయు దానిని వ్రాయు చేయియు నిలిచెడివి.

నేడు పటకథకులు తగ్గిరి. పెద్దపటములకు గిరాకి లేక నకాషీలు చిన్న చిత్రములును బొమ్మలును చేసి అమ్ముకొనుచున్నారు. ఇప్పుడు నీట విడిచిన పటమునకు మారుపటము పుట్టునను నమ్మకము లేదు. అందుచేతనే ఉన్నదానిని ఉన్నట్లు కాపాడుట ఆవశ్యకమైనది.

పాతరంగుపై క్రొత్తరంగు పూయుట మాకు సమ్మతము కాదు. ఒక యింటివారు తీర్చిన కన్నును మఱియొకరు దిద్దినచో ఏది యెవరి చేతిపనియో తెలియకపోవును. రాలబోవు పెచ్చును, అవసరమైన మరల తీయదగిన పలుచని జిగురుతో నిలుపవలయును. చిరుగునకు వెనుకనుండి ఆధారమీయవలయును. గంజిపూతపై తడిగుడ్డ పెట్టరాదు. పటమును లావైన గొట్టముపై, రంగుముఖము వెలికి వచ్చునట్లు చుట్టవలయును. చట్రములలో బిగించుటకై ముక్కలుగా కోయుట అన్నిటికంటె పెద్ద హాని, కథాక్రమమే చెడును.

భద్రపఱచుటకు ముందు కథకుని పిలిచి, ఏ గడిలో ఏ ఘట్టమున్నదో చెప్పించి వ్రాసికొనవలయును. పిదప నకాషీ యింటివారిచేతనే నకలు వ్రాయించి, ఆ నకలును కథకున కీయవలయును.